రాతలో ధ్వని ఎంత, అర్థం ఎంత?

సిటీ బస్సు ముందు అద్దం మీద 5 అని ఉంటే తెలుగువారు 'ఐదు' అని చదువుతారు. అదే అంకెను తమిళులు 'అంజు' అనీ, హిందీవారు 'పాంచ్' అనీ, ఇంగ్లిష్ మీడియం పిల్లలు 'ఫైవ్' అనీ చదువుతారు. నోట ఏ మాట వచ్చినా అర్థమయ్యేది ఒక్కటే. ఆ గుర్తులో 'ఐ' అనే ధ్వని ఎక్కడా లేదు, 'దు' కూడా లేదు. అది నేరుగా ఒక మాటకు గుర్తు. రూపాయి గుర్తు, శాతం గుర్తు కూడా ఈ కోవలోవే.

ఇలా మాటకొక గుర్తు చొప్పున రాసే పద్ధతిని పదలిపి అంటారు. ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు పెట్టుకుని, వాటిని వరసగా పేర్చి మాటను రాసేది వర్ణలిపి. గ్రీకు, రష్యన్, ఇంగ్లిష్ రాతలు వర్ణలిపులు. పదలిపుల్లో ఇప్పటికీ కోట్ల మంది రోజూ వాడుతున్నది చైనా లిపి. ఈ రెండింటినీ పోల్చినప్పుడు మన దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది: చైనావాళ్లది బొమ్మల లిపి, వేల బొమ్మలు బట్టీ పట్టాలి, అది పాతకాలపు పద్ధతి, 26 అక్షరాలతో పని జరిగిపోయే వర్ణలిపి తెలివైనది, ఆధునికమైనది. ఇందులో నిజం కొంచెమే. లిపులన్నీ ఒక నిచ్చెన మీద మెట్లనీ, అందరికన్నా పైమెట్టు మీద వర్ణలిపి కూర్చుందనీ ఈ మాట మనకు తెలియకుండానే మనసులో నాటుతుంది. ఆ లెక్కన తెలుగు లిపి కూడా కింది మెట్టు మీదే ఉండాలి, ఎందుకంటే మనది వర్ణలిపి కాదు.

అమ్మ పక్కన గుర్రం

చైనాలో అధికార భాష అయిన మాండరిన్‌లో గుర్రాన్ని 'మా' అంటారు. పలికేటప్పుడు గొంతు కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది. అమ్మను పిలిచే మాట కూడా 'మా' నే, కాకపోతే గొంతు పైస్థాయిలో కదలకుండా నిలుస్తుంది. ఈ 'అమ్మ'ను రాయడానికి ఎడమవైపు స్త్రీ గుర్తు, కుడివైపు గుర్రం గుర్తు వేస్తారు. అమ్మకూ గుర్రానికీ అక్కడ ఏ చుట్టరికమూ లేదు. 'ఈ మాట దాదాపు మా అని పలుకుతుంది' అని చెప్పడానికి గుర్రం గుర్తును అరువు తెచ్చుకున్నారు. 'ఇది ఆడవారికి చెందిన మాట' అని స్త్రీ గుర్తు చెబుతుంది. మహాసముద్రాన్ని 'యాంగ్' అంటారు. దాని రాతలో నీటి గుర్తు పక్కన గొర్రె గుర్తు ఉంటుంది, ఎందుకంటే గొర్రె పేరు కూడా 'యాంగ్'.

చైనా లిపిలో 80 శాతానికి పైగా గుర్తులు ఇలా కట్టినవే. ఒక ముక్క అర్థం ఏ కోవలోదో చూపిస్తుంది, ఇంకో ముక్క పలుకు ఎలా ఉంటుందో చెబుతుంది. సూర్యుడు, చెట్టు, కొండ లాంటి నేరు బొమ్మల నుంచి వచ్చినవి మొత్తంలో చాలా చిన్న భాగం. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. క్రీ.శ. 100 ప్రాంతంలోనే షు షెన్ అనే పండితుడు 9,353 గుర్తులను 540 మూల గుర్తుల కింద వర్గీకరించి నిఘంటువు కూర్చాడు. ధ్వనీ అర్థమూ జతకట్టే ఈ పద్ధతిని అందులో ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అంటే చైనా రాతలో సగం పని ధ్వనే చేస్తోందని దాదాపు రెండు వేల ఏళ్లుగా అక్కడివారికి తెలుసు. 'బొమ్మల లిపి' అనే పేరు బయటివాళ్లు పెట్టింది.

అయితే ఆ ధ్వని సూచన ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. నదిని 'జియాంగ్' అంటారు. దాని రాతలో నీటి గుర్తు పక్కన ఉన్న ముక్కను విడిగా 'గోంగ్' అని పలుకుతారు. ఆ గుర్తు పుట్టినప్పుడు రెండు పలుకులూ దగ్గరగానే ఉండేవి. తర్వాత నోళ్లు మారాయి, రాత మారలేదు. అందుకే చదువరి తెలియని గుర్తును చూసి పలుకును ఊహించగలడు గానీ, ఆ ఊహ నిజమో కాదో వేరే చోట సరిచూసుకోవాలి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో 'చైనా భాషలో సంక్షోభం అనే మాటకు అర్థం ప్రమాదం ప్లస్ అవకాశం' అని చెప్పి చప్పట్లు కొట్టిస్తుంటారు. ఆ మాటలో రెండో గుర్తుకు అక్కడున్న అర్థం అవకాశం కాదు, ఏదైనా మలుపు తిరిగే కీలక ఘడియ. వేరే మాటతో కలిసినప్పుడే దానికి అవకాశం అనే అర్థం వస్తుంది. ప్రతి గుర్తులోనూ ఒక తత్వం దాగి ఉంటుందని అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. అవి మాటలు రాసే గుర్తులు, అంతే.

ధ్వనిలిపి అనుకున్నదానిలో అర్థం

వర్ణలిపి వైపు నుంచి చూసినా ఇదే కలగలుపు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో 'రైట్' అనే పలుకును కుడి అన్న అర్థంలో ఒకలా, రాయడం అన్న అర్థంలో ఒకలా, కర్మకాండ అన్న అర్థంలో ఇంకోలా రాస్తారు. మూడింటికీ నోటిలో తేడా లేదు, కంటికి మాత్రం ఉంది. 'సైన్' అనే మాటలో పలకని 'జి' అక్షరం ఎందుకుందని పిల్లలు అడుగుతారు. 'సిగ్నేచర్' పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది: రెండూ ఒకే కుటుంబమని కంటికి చెప్పడానికి అది అక్కడ ఉండిపోయింది. చైనా రాతలో నీటి గుర్తు చేసే పనికి ఇది దగ్గరి బంధువే.

తెలుగు ఎలా రాస్తే అలా చదివే భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం. చాలావరకు నిజం కూడా. కానీ 'చాప'లో చ, 'చెట్టు'లో చ ఒకే ధ్వని కావు. సున్న ఒక్కటే, కానీ 'అంబ'లో అది మ్, 'అందం'లో మొదటిది న్, 'అంగడి'లో ఙ్. 'భయం' అని వత్తు పెట్టి రాసి 'బయం' అని పలికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఆ వత్తు నోటి కోసం లేదు, అది సంస్కృతం నుంచి వచ్చిన మాటని గుర్తుపట్టడానికి ఉంది. ధ్వని మాత్రమే ఉన్న లిపి గానీ, అర్థం మాత్రమే ఉన్న లిపి గానీ పెద్ద భాషల్లో దేనికీ లేదు. పాళ్లలోనే తేడా.

పుట్టుక దగ్గరికి వెళ్తే ఈ రెండు పద్ధతుల మధ్య గోడ ఇంకా పలుచనవుతుంది. ఇప్పటి ఇరాక్ ప్రాంతపు ప్రాచీన భాష అయిన సుమేరియన్‌లో బాణాన్ని 'తి' అంటారు, ప్రాణాన్నీ 'తి' అంటారు. ప్రాణానికి బొమ్మ వేయలేరు గనక బాణం బొమ్మ వేశారు. బొమ్మ ధ్వనిగా మారే మలుపు ఇదే. ఈజిప్టు హైరోగ్లిఫ్‌లను కూడా యూరప్ పండితులు ఎంతోకాలం గూఢార్థాల బొమ్మలనే అనుకున్నారు. వాటిలో చాలా గుర్తులు ధ్వనులకు నిలుస్తాయని గ్రహించిన తర్వాతే, 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్‌కు ఆ లిపి తాళం దొరికింది.

ఈజిప్టు పక్కనే సినాయి ఎడారిలో, సెరాబిత్ అల్ ఖాదిం అనే చోట టర్కాయిజ్ అనే నీలిపచ్చ రాళ్ల గనులున్నాయి. అక్కడి రాళ్ల మీద క్రీస్తుకు పూర్వం 1800 ప్రాంతానికి చెందినవిగా భావించే చిన్న చిన్న రాతలు దొరికాయి. అరబిక్, హీబ్రూల కుటుంబానికి చెందిన సెమిటిక్ భాషలు మాట్లాడే మనుషులు ఈజిప్టు బొమ్మలను తీసుకుని, తమ భాషలో ఆ వస్తువు పేరులోని మొదటి ధ్వనికి మాత్రమే వాడుకున్నారు. ఎద్దును 'ఆల్ప్' అంటారు గనక ఎద్దు తల మొదటి అక్షరమైంది. ఇంటిని 'బైత్' అంటారు గనక ఇల్లు 'బ' అయింది. ఇంగ్లిష్ పెద్ద 'ఏ' అక్షరాన్ని తలకిందులు చేసి చూస్తే రెండు కొమ్ములున్న ఆ ఎద్దు తల ఇప్పటికీ కనిపిస్తుంది. మధ్యధరా తీరపు వర్తకులైన ఫినీషియన్లు ఈ కొత్త రాతను 22 హల్లుల లిపిగా స్థిరపరిచారు. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికి గ్రీకులు అందులో తమకు అక్కర్లేని హల్లులను అచ్చులుగా మార్చుకున్నారు. 'బొమ్మల లిపి' కన్నా గొప్పదని చెప్పుకునే వర్ణలిపి ఆ బొమ్మల కడుపునే పుట్టింది.

భాష ఎలాంటిదో లిపి అలాంటిది

మరి చైనా ఎందుకు ధ్వనుల వైపు పూర్తిగా జరగలేదు? పట్టుదల, సంప్రదాయం అని ఊరుకోకుండా ఆ భాష స్వభావం చూడాలి. మాండరిన్‌లో స్వరభేదాలు, అంటే గొంతు ఎక్కుదిగుళ్లు, పక్కన పెడితే దాదాపు 400 రకాల పలుకులే ఉన్నాయి, స్వరాలు కలిపినా 1,300 చుట్టూ. ఒక్కో పలుకుకు సాధారణంగా ఒక అర్థం ఉంటుంది, విభక్తి ప్రత్యయాలంటూ దాదాపు ఉండవు. కాబట్టి ఒకేలా వినిపించే మాటలు కుప్పలు తెప్పలు. భాషావేత్త జావో యుఎన్‌రెన్ ఈ సంగతిని చూపించడానికి 90కి పైగా గుర్తులతో ఒక చిన్న కథ అల్లాడు. పది సింహాలను తినాలనుకున్న ఒక కవి కథ అది. ప్రతి గుర్తూ ఏదో ఒక స్వరంలో 'షి' అనే పలుకుతుంది. పాత సాహిత్య భాష తెలిసినవారు కంటితో చదివితే కథ అర్థమవుతుంది. బిగ్గరగా చదివితే 'షి షి షి' తప్ప ఏమీ అర్థం కాదు. నిత్యం మాట్లాడే భాషకు ఇంత ఇబ్బంది లేదన్నది నిజమే, అందులో రెండేసి పలుకుల మాటలు ఎక్కువ. అయినా అలాంటి భాషకు ఈ లిపి ఎందుకు అతికిందో ఈ కథ చూపిస్తుంది.

తెలుగును అలా రాయగలమా? 'వెళ్లిపోవాల్సివచ్చింది' అనే మాటనే తీసుకుందాం. ఒక ధాతువు, దాని వెనక బారెడు తోక. ఈ తోకలన్నింటికీ ఒక్కో గుర్తు పెట్టుకుంటూ పోతే పని జరగదు. ఇలాంటి భాషకు ధ్వని రాసే సాధనం తప్పనిసరి. తెలుగులాగే క్రియ చివర ప్రత్యయాలు తగిలించే భాష జపనీస్. చైనా గుర్తులు అక్కడికి వెళ్లినప్పుడు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. వారు కనుక్కున్న దారి: ధాతువుకు చైనా గుర్తు, తోకకు ధ్వని చెప్పే కానా అక్షరాలు. ఇప్పటికీ ఒకే వాక్యంలో పదలిపి, ఒక్కో పలుకుకు ఒక్కో గుర్తు ఉండే అక్షరలిపి పక్కపక్కన నడుస్తాయి.

ఆ కానా అక్షరాల వరస చూస్తే తెలుగు చదువరికి ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది: అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సంస్కృత వర్ణమాల క్రమం అది. 'చ' ఉండాల్సిన చోట 'స', 'ప' ఉండాల్సిన చోట 'హ' ఉన్నాయి. ఆ వరస కుదిరిన కాలంలో జపనీస్ 'స' వర్గం 'చ'కు దగ్గరగా, 'హ' వర్గం 'ప'కు దగ్గరగా పలికేవి. నోళ్లు మారాయి గానీ వర్గాల స్థానాలు మారలేదు. కంఠం నుంచి పెదవుల దాకా ధ్వనులను పేర్చిన ఆ ప్రాచీన బుద్ధి జపాన్ నిఘంటువులను ఇప్పటికీ నడిపిస్తోంది.

కొరియాలో కథ ఇంకో మలుపు తీసుకుంది. సెజోంగ్ రాజు 1443లో 28 అక్షరాల కొత్త లిపిని రూపొందించి 1446లో ప్రకటించాడు. చైనా గుర్తులు నేర్చుకునే తీరిక లేని సామాన్యుల కోసమే దీన్ని చేశానని చెప్పాడు. చోయ్ మాన్రి అనే ఆస్థాన పండితుడు 1444లోనే అభ్యంతరం చెప్పాడు, నాగరిక లోకపు రాతను వదిలి అనాగరికుల బాట పట్టడమే ఇది అని. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకు పైగా పండితులు చైనా గుర్తుల్లోనే రాసుకున్నారు. లిపి ఎంత సులువైనదైనా అధికారం దాన్ని పట్టుకోకపోతే మూలనే ఉంటుంది. ఈ హంగుల్ లిపిలో 'గ' రూపం నాలుక వెనక భాగం పైకి లేచిన తీరును, 'న' రూపం నాలుక కొన పైదవడకు తగిలిన తీరును చూపిస్తాయి. 'గ'కు ఒక గీత చేరిస్తే 'ఖ' లాంటి ధ్వని వస్తుంది. మనం 'ద' కింద చిన్న చీలిక పెట్టి 'ధ' రాసుకోవడం గుర్తుకు రాకమానదు. పైగా హంగుల్ అక్షరాలను బారుగా రాయరు, ఒక పలుకులోని ధ్వనులన్నింటినీ ఒక చదరంలో సర్దుతారు.

తెలుగు అక్షరం కూడా అంతే కదా. 'స్త్రీ'లో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి, కానీ మనకది ఒకే అక్షరం. లోపలి ధ్వనులు విడదీసి చూపించగలిగేలా, పైకి ఒకే ముద్దగా కనిపించేలా ఉండే ఈ నిర్మాణం బ్రాహ్మి కాలం నుంచీ వస్తోంది. ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. హల్లులో 'అ' అణగి ఉండటం, తలకట్టు మార్చి గుణింతం కట్టడం, వత్తును కింద తగిలించడం అన్నవి వర్ణలిపికీ అక్షరలిపికీ మధ్య ఇంకో జాతి. 'ముందు బొమ్మ, తర్వాత అక్షరం, చివరికి వర్ణం' అని గీసిన నిచ్చెనలో దీనికి చోటు లేదు. నిచ్చెనే తప్పు, అక్షరం కాదు.

నేర్చుకునే బరువు

కష్టం సంగతి దాటవేయకూడదు. చైనా పిల్లలు ప్రాథమిక విద్య ముగిసేలోపు దాదాపు 3,000 గుర్తులను గుర్తుపట్టాలి, 2,500 రాయగలగాలి. జపాన్‌లో ప్రాథమిక బడిలో 1,026 చైనా గుర్తులు నేర్పుతారు. ఏళ్ల తరబడి చేతిరాత సాధన, రోజూ డిక్టేషన్. పిల్లల మీద ఇది నిజమైన భారమే.

కానీ వర్ణలిపి అయితే చాలు, చదువు సులువు అనుకుంటే అదీ తప్పే. 2003లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో మొదటి తరగతి ముగిసేసరికి ఫిన్‌లాండ్ పిల్లలు తెలిసిన మాటలను దాదాపు తప్పు లేకుండా చదివారు. ఇంగ్లిష్ చదివే స్కాట్లాండ్ పిల్లలు మూడో వంతు మాటలను మాత్రమే సరిగ్గా చదవగలిగారు. ఇద్దరిదీ వర్ణలిపే. తేడా వచ్చింది స్పెల్లింగుల్లో. మన పిల్లలూ 56 అక్షరాలతో బయటపడరు. గుణింతాలు, వత్తులు కలిస్తే కంటికి అలవాటు కావలసిన రూపాలు వందలు దాటుతాయి. తెలుగుకు అన్నదమ్ముడి లాంటి కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధనల్లో, అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి నాలుగైదు తరగతుల దాకా పడుతోందని తేలింది. ఒకటో తరగతిలో గుణింతాలు రాని పిల్లవాణ్ణి మొద్దు అనేసే ముందు పెద్దలు ఈ సంగతి తలుచుకుంటే బాగుంటుంది.

లిపి కష్టమైతే అక్షరాస్యత రాదన్న వాదమూ నిలవదు. 2010 జనగణనలో చైనాలో నిరక్షరాస్యులు 4 శాతం చుట్టూ ఉన్నారు. 2011లో భారతదేశ అక్షరాస్యత 74 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం దగ్గర ఉంది. లెక్కగట్టే తీరులో తేడాలున్నా అంతరం పెద్దది. తైవాన్‌లో సరళం చేయని పాత గుర్తులనే వాడుతూ దాదాపు అందరూ చదువుకున్నారు. బడి, టీచరు, మధ్యలో మానిపించకుండా చదివించగల ఇంటి పరిస్థితి ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

20వ శతాబ్దం మొదట్లో చైనా మేధావులకు ఈ నిబ్బరం ఉండేది కాదు. దేశం వెనకబడటానికి లిపే కారణమని చాలామంది నమ్మారు. లూ షున్ లాంటి పెద్ద రచయిత కూడా రోమన్ అక్షరాలకు మారాలని వాదించాడు. చివరికి ప్రభుత్వం గుర్తులను తీసేయలేదు. 1956 నుంచి గీతలు తగ్గించి సరళం చేసింది, 1958లో పలుకు నేర్పడానికి రోమన్ అక్షరాల పిన్యిన్‌ను తోడుగా తెచ్చింది. మొత్తంగా మారిపోయిన దేశం వియత్నాం. క్రైస్తవ మిషనరీలు 17వ శతాబ్దంలో రూపొందించిన రోమన్ రాత అక్కడ జాతీయ లిపి అయింది. చదువు సులువైంది. గుడి గోడ మీద తాతముత్తాతలు చెక్కించిన రాతను చదవడం మాత్రం ఈనాటి వియత్నాం యువతకు చేతకాదు. ఇదీ లెక్కలోకి రావలసిన నష్టమే.

చైనా లిపి అన్ని ప్రాంతాల వారినీ కలుపుతుందన్న మాట కూడా కొంతమేరకే నిజం. మనిషి అనే గుర్తును బీజింగ్‌లో 'రెన్' అని, హాంకాంగ్‌లో 'యాన్' అని చదువుతారు, మన 5 అంకెలాగే. అయితే హాంకాంగ్ మనిషి బడిలో రాసే వాక్యం తను ఇంట్లో మాట్లాడే వాక్యం కాదు. మాండరిన్ మాటల ఎంపిక, మాండరిన్ వాక్య నిర్మాణం నేర్చుకుని రాస్తాడు. కలిపేది గుర్తు ఒక్కటే కాదు, ఆ నేర్చుకోవడం కూడా.

యంత్రాల దగ్గర

టెలిగ్రాఫ్ వచ్చినప్పుడు చైనా నిజంగానే ఇబ్బంది పడింది. ఒక్కో గుర్తుకు నాలుగంకెల నంబరు ఇచ్చి, నంబర్లు పంపి, అటువైపు పుస్తకం తిరగేసి మళ్లీ గుర్తులుగా మార్చుకునేవారు. టైప్‌రైటర్ కాలమంతా ఇదే అవస్థ. కంప్యూటర్ రాగానే లెక్క తిరగబడింది. ప్రపంచ లిపుల గుర్తులకు ఒక్కో సంఖ్య ఇచ్చే కంప్యూటర్ పట్టిక యూనికోడ్. యూనికోడ్‌లో చైనా గుర్తులు తొంభై వేలకు పైగా ఉన్నా, ఒక్కో గుర్తుకు ఒక్కో సంఖ్య, ఒక్కో చదరం. కంప్యూటర్ చేయాల్సింది తీసి పెట్టడమే. తెలుగుకు యూనికోడ్‌లో ఇచ్చినవి 128 స్థానాలే. కానీ 'స్త్రీ' రాయాలంటే ఆరు సంకేతాలు వరసగా రావాలి, యంత్రం వాటిని చదివి ఏది పైన, ఏది కింద, ఏది పక్కన అని పేర్చాలి. ఏళ్ల తరబడి తెరల మీద తెలుగు వత్తులు విడిపోయి కనిపించడానికి కారణం అదే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ అప్‌డేట్ పంపి సరిచేసింది.

ఫోన్ ఇంకో మార్పు తెచ్చింది. చైనా యువత పిన్యిన్ కొట్టి, కింద వచ్చే గుర్తుల్లో కావలసింది ఎంచుకుంటారు. రోజంతా రాస్తున్నా చేత్తో గీయడం లేదు. కలం పట్టుకోగానే గుర్తు మరిచిపోవడం అనే అర్థం వచ్చే నానుడి అక్కడ ఇప్పుడు మామూలు మాట. చదవగలరు, రాయలేరు. తెలుగువాళ్లలోనూ ఎక్కువమంది రోమన్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటున్నారు. చాలామంది ఆ తెప్పించుకోవడం కూడా మానేసి రోమన్‌లోనే వదిలేస్తున్నారు. కీబోర్డు మీద ఏ, ఎం, ఎం, ఏ నొక్కితే ఇక్కడ 'అమ్మ' అని వస్తుంది. అక్కడి పిల్లవాడు అమ్మ కోసం ఎం, ఏ, ఎం, ఏ నొక్కుతాడు. స్త్రీ పక్కన గుర్రం నిలబడ్డ ఆ పాత గుర్తు తెర మీదకు రెండుసార్లు వస్తుంది.